పెళ్లిపత్రికను పేజీగా పంపండి

ఏడాదికి నాలుగైదు సార్లయినా మన ఇళ్లలో తెలుగు కాగితం అచ్చు వేయాల్సి వస్తుంది. లగ్నపత్రిక, గృహప్రవేశం పిలుపు, వైకుంఠ సమారాధన కార్డు, శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం పూజావిధానం, ఎప్పుడన్నా ఒకసారి వంశవృక్షం. కోలారైనా, హోసూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా జరిగేది ఒకటే. ఒకరు టైపు చేసి డాక్యుమెంట్ ఫైల్ పంపుతారు. అందుకున్న ఇంట్లో కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉండదు. దాని చోట ఇంకో ఫాంటు వచ్చి కూర్చుంటుంది. వరసలు జారిపోయి రెండు పేజీలది మూడు పేజీలవుతుంది. ముహూర్తం ఒక పేజీలో, పెళ్లికొడుకు పేరు ఇంకో పేజీలో పడతాయి. పాతరకం ఫాంటుతో టైపు చేసిందైతే అసలు తెలుగే కనపడదు, ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కలిసిన కలగూరగంప. అప్పుడు "ఫోటో తీసి పంపమ్మా" అంటారు. ఫోటో ఫోన్‌లో బాగానే ఉంటుంది. కాగితం మీదికి వచ్చేసరికి వత్తులన్నీ అలుక్కుపోయి ఉంటాయి.

దీనికి ఉపాయం ముప్పై ఏళ్లకు పైగా ఉంది, పైసా ఖర్చు లేకుండా ఉంది. పేరు ఘోస్ట్‌స్క్రిప్ట్. పేరులో దయ్యం ఉంది గాని అది చేసే పని మాత్రం చాలా మంచిది. మన కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇది ఉండాలని మేమంటాం. అచ్చు కోసం పంపే ఏ కాగితమైనా పేజీ రూపంలోనే పంపాలని కూడా అంటాం. "అంత అవసరమా, అంగడికి పోతే వాడే చేసిస్తాడు" అనే చిన్నాయనలు, "ఇంగ కాగితం ఎందుకు, అంతా ఫోన్‌లో ఉంది కదా" అనే పిల్లలు ఇద్దరూ మన ఇళ్లలో ఉన్నారు. ఇద్దరికీ చెప్పాల్సింది కొంచెం ఉంది.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూద్దాం. 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అని ఇద్దరు అమెరికాలో అడోబీ కంపెనీ పెట్టినారు. 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష తెచ్చినారు. కంప్యూటర్ ప్రింటర్‌కి పేజీని వర్ణించి చెప్పే భాష అది. కాగితం ఎడమ వైపు కింది మూల నుంచి కొలత మొదలవుతుంది. అంగుళంలో 72వ వంతు దానికి ఒక అడుగు. ఇన్ని అడుగులు కుడికి, ఇన్ని అడుగులు పైకి పోయి, ఈ వంపుతో ఒక గీత గీయి, లోపల నలుపు నింపు. పేజీలో ఉండే ప్రతి అక్షరం ఆ భాషలో ఇట్లా ఒక ఆకారమే. అది "క" అని గాని "ಕ" లాంటి పక్క లిపి అక్షరం అని గాని దానికి తెలియదు, తెలియాల్సిన పని లేదు. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు ఎక్కడ పెట్టాలో, గీత ఎట్లా తిప్పాలో చెప్పినట్లు చెప్తే చాలు.

ఆ భాష అర్థం చేసుకునే ప్రింటర్ మాత్రం సామాన్యుడికి అందేది కాదు. 1985లో వచ్చిన యాపిల్ లేజర్‌రైటర్ ధర 6,995 డాలర్లు. వర్ణన చదివి చుక్కలుగా మార్చడానికి ప్రింటర్ లోపలే ఒక కంప్యూటర్ పెట్టాల్సి వచ్చింది, అందుకే అంత ధర. ఎ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల లెక్కన నింపాలంటే దాదాపు 87 లక్షల చుక్కలు కావాలి. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉన్నవి కరకరమనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు. వాటికి ఈ భాష రాదు.

1988లో ఎల్. పీటర్ డాయిచ్ అనే ప్రోగ్రామర్ ఈ ముడి విప్పినాడు. ప్రింటర్‌కి భాష రాకపోతే కంప్యూటరే ఆ వర్ణన చదివి, చుక్కలు లెక్కగట్టి, ఉత్త చుక్కల్ని ప్రింటర్‌కి పంపుతుంది. ప్రింటర్ చుక్కలు కొట్టడమే. అదే ఘోస్ట్‌స్క్రిప్ట్. దాన్ని గ్నూ లైసెన్సు కింద అందరికీ ఉచితంగా వదిలినాడు. ఈరోజు కూడా మన ఇళ్లలో ఉండే చవక ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటికి పోస్ట్‌స్క్రిప్ట్ రాదు. చాలా లినక్స్ కంప్యూటర్లలో ప్రింట్ నొక్కినప్పుడు తెర వెనక నడిచేది ఘోస్ట్‌స్క్రిప్టే. విండోస్‌లో ఒకప్పుడు ఇంటింటా పెట్టుకున్న ఉచిత పీడీఎఫ్ ప్రింటర్లు, పీడీఎఫ్‌క్రియేటర్, క్యూట్‌పీడీఎఫ్ లాంటివి, లోపల వాడుకున్నదీ దీన్నే. 1993లో వచ్చిన పీడీఎఫ్ కూడా పోస్ట్‌స్క్రిప్ట్ ఇంట్లో పుట్టిన బిడ్డే కాబట్టి ఘోస్ట్‌స్క్రిప్ట్ రెండూ చదువుతుంది, ఒకదాన్ని ఇంకోదానిగా మారుస్తుంది.

ఇప్పుడు మన సంగతి. మా అవ్వ పాటల పుస్తకం మీలో కొందరి దగ్గర ఉంటుంది. 48 పేజీలు, గులాబీరంగు అట్ట. నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, ఊయల పాటలు. 2003లో అవ్వ చెప్తా ఉంటే పెద్దమ్మ రాసుకుని, ఒక డీటీపీ అంగడిలో కూర్పించి, నూరు ప్రతులు వేయించింది. అవ్వ ఇప్పుడు లేదు. పుస్తకాలు కూడా పెళ్లిళ్లలో చేతులు మారి మారి చాలావరకు పోయినాయి. ఉన్న వాటిలో పసుపు నీళ్లు పడనిది లేదు. మళ్లీ వేయిద్దామంటే ఆ అంగడి ఎప్పుడో మూసేసినారు. మిగిలింది పెద్దమ్మ బీరువాలో ఒక సీడీ.

సీడీలో ఏడు పేజ్‌మేకర్ ఫైళ్లు. ఆ సాఫ్ట్‌వేర్‌కి 2001లో వచ్చిన 7.0 తర్వాత పెద్ద వెర్షన్ రాలేదు. మా ఇళ్లలో ఎవరి కంప్యూటర్‌లోనూ అది లేదు. ఎక్కడన్నా సంపాదించి తెరిచినా ఆ అంగడివాళ్ల తెలుగు ఫాంటు కావాలి, అదీ లేదు. అయితే అదే సీడీలో ఒక మూలన ఎనిమిదో ఫైల్ ఒకటుంది, పీఆర్‌ఎన్ అని దాని తోక. మామూలుగా ఎవరూ దాన్ని ముట్టుకోరు, రెండుసార్లు నొక్కినా ఏమీ తెరుచుకోదు. ఆ కాలంలో అంగడి నుంచి ప్రెస్‌కి పేజీలు పంపే పద్ధతి ఇది. లేజర్ ప్రింటర్ డ్రైవర్ ఎంచుకుని, "ఫైల్‌లోకి ప్రింట్ చెయ్యి" అని పెడతారు. ప్రింటర్‌కి పోవాల్సిన వర్ణనంతా కాగితం మీదికి పోకుండా ఫైల్‌లో కూర్చుంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరస చూసినాం. శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, తర్వాత పీ, ఎస్ అక్షరాలు. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్‌కి అదే బొట్టు.

ఘోస్ట్‌స్క్రిప్ట్‌కి ఇచ్చినాం. నిమిషం కూడా పట్టలేదు. 48 పేజీలూ తెర మీదికి వచ్చినాయి, అవ్వ పేరుతో, గులాబీ అట్ట లోపలి పేజీలో వినాయకుడి బొమ్మతో. ఆ ఫాంటు మా దగ్గర లేదు. ఆ అంగడివాళ్లు ఫైల్ చేసేటప్పుడు ఫాంటు ఆకారాలను కూడా లోపలే పెట్టినారు కాబట్టి మాకు దాని అవసరం పడలేదు. పాత ఫాంటు, పాత సాఫ్ట్‌వేర్, పాత అంగడి, మూడూ పోయినా పేజీ నిలిచింది. మేము ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఆ అంగడబ్బాయి ఆ ఎనిమిదో ఫైల్ చెరిపేసి ఉంటే ఈరోజు పసుపు మరకల పుస్తకాన్ని స్కాన్ చేసుకోవడం తప్ప వేరే దారి ఉండేది కాదు.

అట్లాంటి ఫైళ్లు తెరిచే దారులు కూడా ఒకటొకటే మూసుకుంటున్నాయి. 2022లో వచ్చిన మ్యాక్ వెంచురా నుంచి దాని ప్రివ్యూలో పోస్ట్‌స్క్రిప్ట్ ఫైళ్లు తెరుచుకోవు. కంపెనీలకు వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. మన అవ్వల పాటలు ఆ లెక్కల్లో ఉండవు. మూలం అందరి చేతిలో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంట్లో ఉంటే, ఒక కంపెనీ వద్దనుకున్నంత మాత్రాన మన పేజీలు మూగపోవు. ఇప్పుడు ఘోస్ట్‌స్క్రిప్ట్‌ని ఆర్టిఫెక్స్ అనే కంపెనీ చూసుకుంటుంది. తమ సరుకులో కలిపి అమ్ముకోవాలనుకునే వాళ్లకు డబ్బు తీసుకుని వేరే లైసెన్సు ఇస్తుంది, ఇంట్లో వాడుకునే మనకు ఉచితమే. మన ఇళ్లలో ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించిన దొంగ పీడీఎఫ్ ఎడిటర్లు ఎన్ని ఉన్నాయో, వాటితో ఏమేమి లోపలికి వచ్చినాయో చూస్తే, సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో ఉన్న మాకు భయమేస్తుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్ అంటే బొమ్మ కాదు, ఒక చిన్న ప్రోగ్రామ్. చెడ్డవాడు రాస్తే చెడ్డ పనీ చేయగలదు. 2019లో వచ్చిన 9.50 నుంచి ఘోస్ట్‌స్క్రిప్ట్ ఎవరూ అడగకుండానే జాగ్రత్త పద్ధతిలో నడుస్తుంది, మీ ఫైళ్లలో ఇష్టమొచ్చినట్లు వేలు పెట్టనివ్వదు. కాబట్టి కొత్త వెర్షనే పెట్టుకోండి. ముక్కూమొహం తెలియని వాళ్లు పంపిన ఫైళ్లు దాంట్లో వేయొద్దు.

ఇక దానికి రానిది. ఘోస్ట్‌స్క్రిప్ట్ తెలుగు టైపు చేయదు. దాంతోపాటు వచ్చే 35 రకాల మూల ఫాంట్లలో తెలుగు ఒక్కటీ లేదు. ఫాంటు లోపల పెట్టకుండా ఫైల్ ఇస్తే అది తన దగ్గరున్న ఏదో ఇంగ్లీషు ఫాంటు తగిలించి పెడుతుంది, మళ్లీ మొదటి గందరగోళమే. అందుకని టైపు వేరేచోట చేయాలి. మేము లిబ్రెఆఫీస్ వాడతాం, అదీ ఉచితమే. వత్తులు, గుణింతాలు సరిగ్గా అమర్చే పని అక్కడ అయిపోతుంది, అక్కడే పీడీఎఫ్ చేస్తే ఫాంటు లోపలికి పోతుంది. ఆ తర్వాత ఘోస్ట్‌స్క్రిప్ట్ చేతికి ఇవ్వాలి. రెండు మూడు పీడీఎఫ్‌లు ఒకటిగా కలపడానికి, ఫోటోలతో బరువెక్కిన వంశవృక్షాన్ని పంపడానికి వీలుగా తేలిక చేయడానికి, పాత ఫైళ్లను కొత్త పీడీఎఫ్‌గా మార్చడానికి అది పనికొస్తుంది. తేలిక చేసేటప్పుడు "స్క్రీన్" అనే అమరిక ఎంచుకుంటే బొమ్మలు అంగుళానికి 72 చుక్కలకు దిగిపోతాయి, తాతల ఫోటోలు దిష్టిబొమ్మల్లా అచ్చవుతాయి. అచ్చుకైతే "ప్రింటర్" అమరికే పెట్టండి, 300 చుక్కలు నిలుస్తాయి.

నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి కదా అని వెనక్కి తగ్గేవాళ్లు ఉన్నారు. నిజమే, దానికి రంగురంగుల బొత్తాలు లేవు. మేము మూడు వరసల బ్యాచ్ ఫైల్ ఒకటి రాసి పెద్దమ్మ కంప్యూటర్ తెర మీద పెట్టినాం. ఏ పాత ఫైల్‌నైనా దాని మీదికి లాగి వదిలితే పక్కనే పీడీఎఫ్ తయారవుతుంది. డెబ్బై ఏళ్ల పెద్దమ్మ చేస్తూంది. ఆ మూడు వరసలు ఎవరడిగినా ఇస్తాం.

పంపే ముందు ఒక పరీక్ష చేయండి. మా దగ్గర ఒకటే వరసలో కొన్ని మాటలు రాసిపెట్టుకున్నాం. లక్ష్మి, స్త్రీ, జ్ఞానం, కార్తీకం, సంస్కృతం, పెళ్ళి, ఉత్సాహం. తెలుగు ఎక్కడ విరగాలో అక్కడ విరిగేది ఈ మాటల్లోనే. ఆ వరసను పీడీఎఫ్ చేసి మూడుచోట్ల చూడాలి, ఒక ఫోన్‌లో, తెలుగు ఫాంట్లేవీ పెట్టని ఇంకొకరి కంప్యూటర్‌లో, కాగితం మీద. మూడుచోట్లా ఏడు మాటలూ సరిగ్గా వస్తే పత్రిక కూడా సరిగ్గా వస్తుంది.

పేజీ ఒక్కటే దాచుకుంటే చాలా? చాలదు. అవ్వ పుస్తకం పేజీలు వచ్చినాయి గాని, ఆ పీడీఎఫ్‌లో ఒక పాట వెతుకుదామంటే దొరకదు. అక్షరాలు గీసి కాపీ చేస్తే ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. పాత ఫాంట్లు తెలుగు ఆకారాల ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టినవి. కంటికి తెలుగు, కంప్యూటర్‌కి గజిబిజి. అందుకని పిన్ని, ఇద్దరు వదినలు, మేము కలిసి 48 పేజీలూ యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసినాం. పేజీ నిలిచింది కాబట్టే చూసి టైపు చేయగలిగినాం, ఏ పాటలో ఏ మాటో కొట్లాడుకోకుండా.

యూనికోడ్ పాఠం చేతికి వచ్చాక మాలాంటి వాళ్లకు పెద్ద లాభం ఇంకొకటి ఉంది. బడిలో కన్నడం చదువుకుని తెలుగు అవ్వ నోటి నుంచి నేర్చుకున్న తరం మాది. మా పిల్లలకు తెలుగు మాట వస్తుంది, తెలుగు లిపి రాదు. యూనికోడ్‌లో తెలుగుకి 128 గదులు, దాని పక్కింట్లోనే కన్నడానికి 128 గదులు. అక్షరాలు రెండింట్లోనూ ఒకే వరసలో కూర్చుంటాయి. తెలుగు "క" నుంచి 128 గదులు ముందుకు పోతే కన్నడ "క" వస్తుంది, "ఖ" నుంచి పోతే "ఖ". చిన్న ప్రోగ్రామ్‌తో పుస్తకమంతా కన్నడ లిపిలోకి మారిపోయింది, మాట మాత్రం తెలుగే. ఎడమ పేజీలో తెలుగు లిపి, కుడి పేజీలో అదే పాట కన్నడ లిపిలో పెట్టి కూర్చినాం. పాపకు పదకొండేళ్లు, కుడి పేజీ చూసి పాడుతూ ఎడమ పేజీ వైపు కన్ను వేస్తూంది. "క్ష" రెండువైపులా ఒకేలా ఉందే అంది.

బరంపురం వాళ్లు ఒడియా లిపికి ఇట్లాగే మార్చుకోవచ్చు, అయితే ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు కాబట్టి ఎక్కడ సాగదీయాలో పైన గీత పెట్టి చూపాలి. షోలాపూర్ వాళ్లకు దేవనాగరిలోనూ అదే చిక్కు, రోజువారీ మరాఠీ రాతలో హ్రస్వ ఎ, ఒ వాడరు. హోసూరు వాళ్లకు ఇంకా కష్టం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అక్కడ అక్షరాల పక్కన అంకెలు పెట్టాల్సి వస్తుంది, కొన్ని తమిళ స్తోత్రపుస్తకాల్లో చేసినట్లు. ఈ మూడూ ఆయా ఊళ్ల వాళ్లే కూర్చోవాలి, మాకు ఆ లిపులు రావు.

"ఫోన్‌లో ఉంటే చాలు కదా" అనే పిల్లలకు మేము చెప్పేది ఒక్కటే. నలుగు పెట్టేటప్పుడు చేతికి నూనె, పసుపు. హారతి ఇచ్చేటప్పుడు పళ్లెం. ఆ చేతులతో ఫోన్ తెర తోస్తూ పాట పాడే అత్తను మేము ఇంతవరకు చూడలేదు. ఫోన్ పట్టుకున్నవాళ్లు వీడియో తీస్తారు, పాడేవాళ్లు కాగితం పట్టుకుంటారు. అంగడికే ఇస్తామనే చిన్నాయనలతో కొట్లాట లేదు. ఇవ్వండి. రంగుల పత్రిక ఇంట్లో అంత బాగా రాదు. అయితే పని అయ్యాక అచ్చు పీడీఎఫ్, ఫాంట్లు లోపల పెట్టింది, అడిగి తీసుకోండి. దాంతోపాటు యూనికోడ్ పాఠం కూడా. డబ్బిచ్చేటప్పుడే అడగాలి, తర్వాత అడిగితే కంప్యూటర్ మార్చేసినామంటారు.

చిన్న పుస్తకాలు మాత్రం ఇంట్లోనే వేసుకోవచ్చు. వ్రతం పుస్తకం 16 పేజీలు అనుకోండి. నాలుగు ఎ4 కాగితాలు చాలు, మధ్యకు మడిచి రెండు పిన్నులు కొట్టడమే. పేజీల వరస మాత్రం తమాషాగా ఉంటుంది. మొదటి కాగితం ఒకవైపు 16, 1. రెండోవైపు 2, 15. తర్వాతి కాగితం 14, 3. ఏ వైపు చూసినా పక్కపక్కన పడే రెండు పేజీలు కలిపితే 17. ఈ అమరిక పీఎస్‌యుటిల్స్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది, చుక్కలు కొట్టించేది మళ్లీ ఘోస్ట్‌స్క్రిప్టే. రెండువైపులా తనంతట తాను కొట్టే ప్రింటర్ లేకపోతే ముందు ఒకవైపులన్నీ కొట్టి, కట్ట తిప్పి పెట్టి, రెండోవైపులు కొట్టాలి. కట్ట ఎట్లా తిప్పాలో ప్రింటర్ ప్రింటర్‌కీ మారుతుంది, ముందు ఒక కాగితంతో చూసుకోండి.

పెద్దమ్మ బీరువాలో ఇంకో సీడీ కూడా దొరికింది, తాత షష్టిపూర్తి సంచికది. దాంట్లోనూ పీఆర్‌ఎన్ ఫైల్ ఉంది గాని మొదటి వరసల్లో ఆ గుర్తు లేదు. అది పోస్ట్‌స్క్రిప్ట్ కాదు, ఏదో ఒక ప్రింటర్‌కి మాత్రమే అర్థమయ్యే మాట. ఆ సంచిక అచ్చు ప్రతి, చిరిగిపోయిందైనా సరే, మీలో ఎవరి దగ్గరన్నా ఉంటే దసరా లోపల పెద్దమ్మకు పంపండి. 11వ పేజీలో ఆడపడుచుల పేర్లన్నీ ఉన్నాయంట, అది తప్పకుండా కావాలి.